పక్కింటి కుక్కను గొలుసు లేకుండా వదిలేస్తున్నారు, ఎక్కడ చెప్పుకోవాలి?

విశాఖపట్నం మధురవాడ నుంచి:
పక్కింటివాళ్ళు పొద్దున్న ఆరింటికీ రాత్రి ఎనిమిదింటికీ గేటు తీసి జర్మన్ షెపర్డ్‌ని వదిలేస్తున్నారు. స్కూటీల వెంటపడుతోంది, స్కూలు బస్సు కోసం నిలబడ్డ పిల్లల మీదికి దూకుతోంది. ఇంకా ఎవర్నీ కరవలేదు. అడిగితే "మాది ఏటీ చెయ్యదండీ" అంటారు. ఏం చేస్తే పని జరుగుతుంది?

సీతమ్మధార నుంచి:
ముందు ఆధారం పోగెయ్యండి. పది రోజులు తేదీ, టైము, జరిగింది రాసుకోండి. వీడియోలో వాళ్ళ గేటు, అందులోంచి బయటికొస్తున్న కుక్క, రోడ్డు అన్నీ ఒకేసారి కనపడాలి. ఒక్క కుక్కే కనిపిస్తే "అది వీధికుక్క" అనేస్తారు, ఫిర్యాదు అక్కడే వీగిపోతుంది.

వీధిలో నలుగురైదుగురి సంతకాలతో జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కమిషనర్ పేరిట అర్జీ రాసి, సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్ఎస్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. కుక్కకి లైసెన్సు, రేబిస్ టీకా ఉన్నాయో లేదో చూడమని అందులోనే అడగండి.

అప్పటికీ మారకపోతే పోలీస్ స్టేషన్. తన జంతువు వల్ల మనుషుల ప్రాణానికో, తీవ్ర గాయానికో ముప్పుందని తెలిసీ జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291 వర్తిస్తుంది: 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కరిచేదాకా ఆగక్కర్లేదు. విషం పెట్టే ఆలోచన మాత్రం ఎవరికీ రానివ్వకండి. అది పాపం, పైగా 325 కింద 5 ఏళ్ళ దాకా శిక్ష.

గాజువాక నుంచి:
"రోజంతా కట్టేయండి" అని అడక్కండి. ఎప్పుడూ గొలుసుతో ఉన్న కుక్క ఇంకా మొండికేస్తుంది. రెండు పూటలా మీటరున్నర పట్టీతో నడిపించమనండి, గేటుకి దానంతటదే మూసుకునే స్ప్రింగు పెట్టించమనండి. పాలవాడొచ్చినప్పుడు గేటు ఓరగా ఉండిపోవడమే చాలాచోట్ల అసలు సమస్య.

పిల్లలకి నేర్పండి: పరిగెత్తొద్దు, అరవొద్దు, కళ్ళలోకి చూడొద్దు. చేతులు ఒంటికి ఆనించి కదలకుండా నిలబడాలి, బ్యాగు అడ్డం పెట్టుకోవాలి. స్కూటీ మీదుంటే స్పీడు పెంచకండి, అది పరిగెత్తేదాన్నే తరుముతుంది. మెల్లగా ఆపి, మీకూ కుక్కకీ మధ్యలో బండి ఉండేలా దిగండి.

మహారాణిపేట నుంచి:
కరిస్తే, గీరినా సరే, కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. ఆ రోజే కేజీహెచ్‌కి (ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి) వెళ్ళండి. కండకి వేసే రేబిస్ టీకా అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో. రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్) కూడా వేయాలి, అది వద్దని రాకండి. కుక్కకి టీకా ఉందన్నా మనది ఆపకూడదు. దాన్ని 10 రోజులు గమనించాలి కాబట్టి ఎక్కడికీ పంపెయ్యొద్దని పక్కింటివాళ్ళకి ఆ రోజే గట్టిగా చెప్పండి.