ఇసే గుడికి అమ్మానాన్నని తీసుకెళ్ళొచ్చా?

నాగోయావాసి:
నమస్తే అండీ. వచ్చే నెల అమ్మానాన్న ఇక్కడికి వస్తున్నారు, వాళ్ళకి జపాన్‌వాళ్ళ పెద్ద గుడి ఇసే జింగూ చూపించాలని ఉంది. ఒకటే టెన్షన్. అక్కడ తెల్ల తెర ముందు నిలబడి దణ్ణం పెట్టుకుని వచ్చేయడమే, లోపల ఏమీ కనిపించదని అంటున్నారు. అంత దూరం నడిపించి దర్శనం కూడా లేకపోతే అమ్మ బాధపడుతుందేమో, పైగా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

ఒసాకా తెలుగు:
తప్పకుండా తీసుకెళ్ళండి, కాకపోతే ముందే వివరంగా చెప్పండి. నైకూలో, అంటే లోపలి గుడిలో, కొలిచేది సూర్యదేవత అమతెరాసుని. విగ్రహం ఉండదు, పవిత్రమైన అద్దాన్నే దేవతగా భావిస్తారు, దాన్ని ఎవరికీ చూపించరు. నాకైతే గుడి కంటే దాని పక్కనున్న ఖాళీ స్థలం చూసినప్పుడే ఒళ్ళు జలదరించింది. ప్రతి 20 ఏళ్ళకీ ఆ స్థలంలో అచ్చం అలాంటి గుడే హినోకి అనే దేవదారు లాంటి చెట్టు కలపతో కొత్తగా కట్టి, దేవతని రాత్రిపూట అందులోకి తీసుకెళ్తారు. 690లో మొదలైందిది, యుద్ధాల కాలంలో 120 ఏళ్ళకు పైగా ఆగిపోయినా మళ్ళీ పట్టుబట్టి నిలబెట్టుకున్నారు. 2013లో జరిగింది 62వది, తర్వాతది 2033లో. పెద్ద వడ్రంగుల చేతిలోని పని కుర్రవాళ్ళకి అందేది అలాగే. పాత కలప కూడా పారేయరు, గుడి దూలం మోసిన స్తంభాలు నైకూ ముందున్న ఉజి వంతెన దగ్గర తోరీలుగా, అంటే గుడి ద్వారాలుగా, నిలబడతాయి, మీరు వాటి కిందుగానే లోపలికి వెళ్తారు.

అమ్మతో వెళ్ళొచ్చినదాన్ని:
మోకాళ్ళ గురించి నేను చెప్తాను. దారంతా గులకరాళ్ళే, మెత్తటి బూట్లు వేయించండి, చివర్లో రాతిమెట్లున్నాయి, అక్కడ చెయ్యి పట్టుకోండి. మెట్ల పైన ఫొటోలు తీయకూడదు. ముందు గెకూ, అంటే బయటి గుడి, చూసి తర్వాత నైకూకి వెళ్ళడం ఆచారం, మధ్యలో బస్సుంది. నైకూలో ఇసుజు నది ఒడ్డున నీళ్ళతో చేతులు కడుక్కోవచ్చు. మా అమ్మ అక్కడే చాలాసేపు కూర్చుండిపోయింది, పుష్కరాల రేవులా ఉందే అంది. మొక్కేటప్పుడు రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగాలి.

ఒసాకా తెలుగు:
శాకాహారులైతే ఇసే ఉడాన్ అనే లావు నూడుల్స్ వద్దు, ఆ పులుసులో చేపల రసం ఉంటుంది. వంతెన బయట వీధిలో అకాఫుకు మోచీ తినిపించండి, జిగురు బియ్యం దంచి చేసిన ముద్ద మీద ఎర్ర చిక్కుళ్ళ తీపి పూర్ణం, 1707 నుంచీ చేస్తున్నారు.

నాగోయావాసి:
చాలా థాంక్స్ అండీ. వారాంతం రద్దీలో కాకుండా ఒక మంగళవారం లీవ్ పెట్టి పొద్దున్నే బయల్దేరతాం. ఆ ఖాళీ స్థలం సంగతి నాన్నకి ఇవాళే ఫోన్‌లో చెప్తాను.