ఓఆర్ఎస్‌లో ఉప్పు సరే, గ్లూకోజ్ ఎందుకు? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

అన్నలూ, అక్కలూ, మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె, ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. మొన్న తమ్ముడికి విరేచనాలు పట్టుకుంటే ఆశా అక్క ఇచ్చిన ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో కలిపి రాత్రంతా చెంచాతో తాగిస్తూ కూర్చున్నాను, అప్పుడే దాని మీద చదివాను: సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు. గ్లూకోజ్ బలం కోసమే అనుకున్నాను. తీరా పుస్తకం తీస్తే, పేగు కణాల్లోకి సోడియం, గ్లూకోజ్ రెండూ జతగా ఒకే ప్రోటీన్ గుండా వెళ్తాయని, నీళ్లు వాటి వెంట వెళ్తాయని ఉంది.

నా డౌట్ ఇక్కడే. ఆ ప్రోటీన్ ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చు పెట్టదు కదా, మరి దీన్ని సక్రియ రవాణా (శక్తి ఖర్చుతో జరిగే రవాణా) అని ఎందుకంటారు? కణానికి రక్తం వైపున్న పంపు ఒక్క ఏటీపీతో 3 సోడియంలను బయటికి తోసి 2 పొటాషియంలను లోపలికి తెస్తుంది. బావిలో మోటరు పెట్టి తోడేస్తే ఊటల్లోంచి నీళ్లు వచ్చినట్టు, పంపు సోడియంను తోడేయడం వల్లే పేగు వైపు నుంచి అది లోపలికి వస్తోందా? అలాగైతే పంపు ఆగితే గ్లూకోజ్ వెంటనే ఆగుతుందా, మెల్లగా ఆగుతుందా? ఇంకోటి, కలరాలో అన్ని నీళ్లు పోతున్నా ఈ జత దారి మాత్రం ఎలా పనిచేస్తుంది? తమ్ముడు ఇప్పుడు బాగానే ఉన్నాడు, కానీ ఇది అర్థం కాకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.