పీఎస్పీ 3000లో పెళ్ళి డీవీడీ: ఎలా మార్చినా ‘అన్‌సపోర్టెడ్ డేటా’ అంటోంది

తణుకు తమ్ముడు:
అందరికీ నమస్తే. మా అన్నయ్య అటక మీద పడేసిన సోనీ పీఎస్పీ 3000 (చేత్తో పట్టుకుని ఆడుకునే గేమ్ మెషీన్) ఒకటి దొరికింది. చార్జింగ్ పెడితే లేచింది, స్క్రీన్ మీద గీత కూడా లేదు. 4 జీబీ మెమరీ స్టిక్ దానిలోనే ఉంది. మా అక్క పెళ్ళి డీవీడీ ఇందులోకి ఎక్కించి అమ్మకి ఇద్దామని నా ప్లాన్. ఫోన్లో పెట్టిస్తే సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, ఆవిడకి విసుగొచ్చేసింది. ఇంట్లో డీవీడీ ప్లేయర్ ఎప్పుడో పోయింది.

బాబాయి వాళ్ళ ల్యాప్‌టాప్‌లో డిస్క్ పెట్టి ఫైళ్ళన్నీ కాపీ చేసుకున్నాను. ఫోన్లో ఒక కన్వర్టర్ యాప్‌తో ఎంపీ4 చేశాను. పీఎస్పీలో ఫైలు కనిపిస్తోంది, కింద మాత్రం ‘అన్‌సపోర్టెడ్ డేటా’ అని వస్తోంది. ఎంపీ4 ఆడుతుందనే కదా అందరూ అంటారు? ఎక్కడ తేడా కొడుతోంది?

క్యాసెట్ బాబాయ్:
తమ్ముడూ, 2009 నుంచి నాలుగైదేళ్ళు మా ఊరి బస్టాండ్ ఎదురుగా డౌన్‌లోడింగ్ షాపు నడిపినవాణ్ణి. పొద్దస్తమానం నోకియా ఫోన్లలోకి త్రీజీపీలు ఎక్కించడమే పని. పీఎస్పీ పట్టుకొచ్చే పిల్లలు ఇద్దరో ముగ్గురో, వాళ్ళ నాన్నలు గల్ఫ్ నుంచి తెచ్చినవి. వచ్చిన ప్రతివాడూ నువ్వడిగినదే అడిగేవాడు.

ఎంపీ4 అన్నది పైపేరే. లోపల వీడియో ఏ పద్ధతిలో కుదించారన్నదే పీఎస్పీకి కావాలి. నీ యాప్ బహుశా హెచ్.265లో చేసి ఉంటుంది. అది ప్రమాణంగా వచ్చిందే 2013లో, పీఎస్పీ జపాన్‌లో అమ్మకానికి వచ్చింది 2004 డిసెంబరులో. దానికెలా తెలుస్తుంది? ఒకవేళ హెచ్.264 అయినా, ఇప్పటి యాప్‌లు ‘హై’ ప్రొఫైల్‌లో, అంటే ఆ పద్ధతిలోనే పై మెట్టులో చేస్తాయి. పీఎస్పీ ‘మెయిన్’ దాకానే వస్తుంది. ఇంకో మెలిక సైజు. మన దేశంలో పెళ్ళి డీవీడీలు ‘పాల్’ అనే టీవీ పద్ధతివి, బొమ్మ 720×576. పీఎస్పీ ఒప్పుకునేది ఎక్కువలో ఎక్కువ 720×480. అంటే సైజు మార్చకుండా వదిలేస్తే, మిగతావన్నీ సరిగ్గా ఉన్నా ఆడదు.

ఫోన్ యాప్ మానేసి, కంప్యూటర్లో వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్ వేసుకో. ఉచితమే. పెళ్ళి డిస్కులకి కాపీ కాకుండా వేసే తాళాలు ఉండవు కాబట్టి నువ్వు కాపీ చేసిన ‘వీడియో టీఎస్’ ఫోల్డర్‌ని నేరుగా తెరుస్తుంది. ఫార్మాట్ ఎంపీ4, వీడియో హెచ్.264, ప్రొఫైల్ మెయిన్, లెవల్ 3.0 పెట్టు. బిట్‌రేట్ 700 కేబీపీఎస్ చాలు. ఆడియో ఏఏసీ, స్టీరియో, 128 కేబీపీఎస్, శాంపుల్ రేటు 48 కిలోహెర్ట్జ్. ఫ్రేమ్ రేటు ఉన్నదే ఉంచి ‘కాన్‌స్టంట్’ నొక్కు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో వెయిటెడ్ పీ-ఫ్రేములు, బీ-పిరమిడ్ అనే కుదింపు చిట్కాలు రెండూ తీసెయ్, పీఎస్పీకి అవి పడవు. చాలామంది వదిలేసేది వీటినే. అన్నీ సరిగ్గా పెట్టాను, అయినా ఆడట్లేదని వచ్చేవాళ్ళ ఫైళ్ళలో ఎక్కువగా ఇవే దొరికేవి.

పీఎస్పీ తెర 480×272. అక్క పెళ్ళి నాటి వీడియో పాత టీవీ కొలతలో, అంటే 4:3లో ఉంటే 368×272 పెట్టు, ‘అనామార్ఫిక్’ (ఆడేటప్పుడు బొమ్మని సాగదీసే పద్ధతి) ఆపెయ్. తెర నిండాలని 480కి సాగదీశావంటే పెళ్ళికూతురు బాగా లావుగా కనిపిస్తుంది, మీ అక్క నిన్ను వదలదు.

అన్నిటికంటే ముఖ్యం: ఫిల్టర్లలో డీఇంటర్‌లేస్ (గీతల వారీగా రెండు సగాలుగా తీసిన బొమ్మని ఒకటిగా చేసేది) పెట్టడం మర్చిపోకు. లేకపోతే తలంబ్రాలు పోసుకునేటప్పుడు చేతుల అంచులు దువ్వెన పళ్ళలా చీలిపోయి కనిపిస్తాయి. కదలకుండా కూర్చున్నవాళ్ళు బాగానే ఉంటారు, అందుకే మొదటి పది నిమిషాలు చూసి బాగుందనుకుంటారు. ముందు తలంబ్రాల ముక్క ఒక్కటి మార్చి చూసుకో. బాగుంటే మొత్తం పెట్టు. మూడు గంటల పెళ్ళి 1.2 జీబీ లోపే వస్తుంది.

తయారైన ఫైల్‌ని మెమరీ స్టిక్‌లో ‘వీడియో’ అనే ఫోల్డర్‌లో వెయ్. ఆ ఫోల్డర్ పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉండాలి, ఇంకే ఫోల్డర్ లోపలా ఉండకూడదు.

నైట్ డ్యూటీ:
720×480 ఆడుతుందని మీరే అన్నారు కదా సార్. మరి 368కి ఎందుకు దించడం? క్వాలిటీ పోదా?

క్యాసెట్ బాబాయ్:
తెరలో ఉన్న చుక్కలే 480×272. అంతకు మించి ఇచ్చినా చూపించేది అంతే, స్టిక్ మాత్రం తొందరగా నిండుతుంది. ఏవీ కేబుల్‌తో టీవీకి తగిలించి చూసేవాళ్ళయితే పెద్ద సైజు పెట్టుకోవచ్చు, 3000లో ఆ సౌకర్యం ఉంది. మొట్టమొదటి 1000 మోడల్‌లో లేదు.

రైల్వే క్వార్టర్స్:
మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. నా దగ్గర 2000 మోడల్ ఉంది. తాతగారి హరికథ క్యాసెట్లు ఎంపీ3లుగా చేసి వేశాను. పాడుతోంది కానీ తెలుగులో పెట్టిన పేర్లు ఒక్కటీ కనిపించట్లేదు. పైగా ఊరి పేరుతో ఒక ఫోల్డర్, దాని లోపల క్యాసెట్‌కి ఒకటి చొప్పున ఫోల్డర్లు పెట్టాను, లోపలివి అసలు రావట్లేదు.

క్యాసెట్ బాబాయ్:
దానిలో తెలుగు ఫాంటే లేదండి. ఫైలు పేరూ, లోపలి టైటిల్ ట్యాగూ రెండూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవాల్సిందే. ‘మ్యూజిక్’ ఫోల్డర్ కింద ఒక్క వరస ఫోల్డర్లనే చదువుతుంది. ఊరి ఫోల్డర్ తీసేసి, క్యాసెట్ల ఫోల్డర్లను పైకి తెచ్చుకోండి. క్యాసెట్ ఒక పక్కంతా ఒకే ఫైలుగా ఉంటే పిట్టకథ దగ్గరికి వెళ్ళడానికి బొటనవేలు నొప్పెడుతుంది, ఘట్టాల వారీగా కోసి పెట్టుకోండి. వినేటప్పుడు పవర్ స్విచ్చిని కిందికి లాగితే హోల్డ్ పడుతుంది, జేబులో బటన్లు నొక్కుకున్నా ఏమీ కాదు. ఇయర్‌ఫోన్లు పెట్టి మ్యూజిక్ గుర్తున్న బటన్ నొక్కితే టోన్ మారుతుంది. హరికథకి ‘హెవీ’ వద్దు, మృదంగం గొంతుని మింగేస్తుంది. అదే బటన్ కాసేపు నొక్కిపట్టుకుంటే సౌండ్ ఆగిపోతుంది, పాడైందనుకోకండి.

తణుకు తమ్ముడు:
బాబాయ్ గారూ, ఆడింది! తలంబ్రాల ముక్క అద్దంలా వచ్చింది. డీఇంటర్‌లేస్ లేకుండా కూడా ఒకటి చేసి చూశాను, మీరు చెప్పినట్టే చేతులు చీలికలు పీలికలు. రాత్రికి మొత్తం పెట్టి పడుకుంటాను. ఒక్క డౌటు. వెనకాల బ్యాటరీ మూత సరిగ్గా కూర్చోవట్లేదు, మధ్యలో కొంచెం ఎత్తుగా ఉంది. టేప్ అంటించి అమ్మకి ఇచ్చేయొచ్చా?

క్యాసెట్ బాబాయ్:
వద్దు! బ్యాటరీ ఉబ్బింది, ఇప్పుడే తీసెయ్. గుచ్చకు, నొక్కకు, మళ్ళీ చార్జింగ్ పెట్టకు. ఇంటి చెత్తలో కూడా వెయ్యకు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వు. బ్యాటరీ లేకపోయినా అడాప్టర్ గుచ్చితే పీఎస్పీ ఆడుతుంది. కొత్తది కొనేదాకా అమ్మగారిని ప్లగ్గు పక్కన కూర్చోబెట్టు. కొనేటప్పుడు 2000, 3000లకి సరిపోయే సన్న బ్యాటరీ అడుగు. 1000 మోడల్‌ది లావుగా ఉంటుంది, అది పెడితే నీ మూత పట్టదు.