హాస్టల్ జీవితంలో రోజూ ధ్యానానికి వేళ ఎలా కుదురుతుంది? మీ అనుభవాలు చెప్పండి

హాస్టల్ వాసి, హనుమకొండ:
అందరికీ నమస్కారం. నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఉదయం తరగతులు, మధ్యాహ్నం ల్యాబ్, సాయంత్రం రికార్డులు, రాత్రి అసైన్‌మెంట్లు పోగా మిగిలే కాస్త సమయంలో గదిలో నలుగురం ఉంటాం కాబట్టి ఒకరి ఫోన్ మోగుతూనో, మరొకరి ఆట నడుస్తూనో ఉంటుంది. తెల్లవారుజామున 4 గంటలకు లేచి కూర్చొమ్మని ఇంట్లో పెద్దలు చెబుతారు గానీ, పడుకునేదే ఒంటిగంటకు అయినప్పుడు అది ఎలా సాధ్యం? ఈ ప్రాంతంలో చదువుకుంటూ ధ్యానాన్ని మానకుండా చేస్తున్నవారు ఏ వేళను ఎంచుకున్నారో తెలుపగలరు.

వైద్య విద్యార్థిని, వరంగల్:
తమ్ముడూ, ముందు నిద్ర సంగతి చూసుకో. నీ వయసువారికి రాత్రికి 7 నుంచి 9 గంటల నిద్ర అవసరం. మూడు గంటలే పడుకొని లేచి కూర్చుంటే కళ్లు మూసుకున్న మరుక్షణమే కునుకు వస్తుంది. నా విషయానికి వస్తే, పోస్టింగ్ మారినప్పుడల్లా వేళలు మారిపోతాయి గనుక నేను గడియారాన్ని నమ్ముకోవడం మానేసి, రోజూ తప్పనిసరిగా చేసే ఒక పనికి ధ్యానాన్ని ముడివేశాను. ఏప్రాన్ తొడుక్కున్నాక మంచం అంచున కూర్చొని 10 నిమిషాలు శ్వాసను గమనించి, ఆ తరువాతే గది తాళం వేస్తాను. శ్వాస తీసుకునే సమయం కన్నా విడిచే సమయాన్ని కొంచెం పొడిగిస్తే మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావంతో గుండె వేగం కాస్త నెమ్మదిస్తుంది, కాబట్టి ఆందోళనగా ఉన్న రోజున అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

రైలు ప్రయాణికుడు, జనగామ:
అక్క చెప్పిన పద్ధతే నాకు రైలులో కుదిరింది. మాది ఉమ్మడి కుటుంబం కావడంతో ఇంట్లో ఏ మూలకు వెళ్లినా ఎవరో ఒకరు పిలుస్తారు. రైలులో మాత్రం నన్ను పిలిచేవారు లేరు. ఘన్‌పూర్ దాటగానే కళ్లు మూసుకుంటే మళ్లీ కాజీపేటలోనే తెరుస్తాను. పల్లీలు, సమోసాలు అమ్మేవారి కేకలు మొదట్లో విసుగు కలిగించేవి, ఇప్పుడు ఆ శబ్దం రావడాన్నీ పోవడాన్నీ గమనించడమే నా సాధనగా మారింది. సీటు దొరకని రోజున తలుపుకు దూరంగా లోపల నిలబడి, కళ్లు తెరిచే ఉంచి, పాదాల మీద పడే బరువుపై దృష్టి నిలుపుతాను. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది: బతుకమ్మ, దసరా సెలవులు రాగానే రైలుతో పాటు ధ్యానమూ ఆగిపోతుంది. దీనికి ఎవరైనా ఉపాయం చెప్పాలి.

పరిశోధక విద్యార్థి, కాకతీయ విశ్వవిద్యాలయం:
పై ఇద్దరితో నేను కొంతవరకే ఏకీభవిస్తాను. 10 రోజుల విపశ్యన ధ్యాన శిబిరం పూర్తి చేసినవారికి ఉదయం గంట, సాయంత్రం గంట సాధన చేయమని చెబుతారు. సొంత వేళలున్న నాలాంటి వాడికే అది అన్ని రోజులూ కుదరదు, ఇక ఇంటర్నల్ పరీక్షలు రాసే విద్యార్థి నుంచి ఆశించడం అన్యాయం. అయినా ఎక్కువసేపు కూర్చోవడంలో ఒక ప్రయోజనం ఉంది: నాకైతే మొదటి పావుగంట మనసులో పనుల జాబితా తిరగడానికే సరిపోతుంది, అది సద్దుమణిగాకే అసలు సాధన మొదలవుతుంది. అందుచేత మామూలు రోజుల్లో 10 నిమిషాలు, ఆదివారం మాత్రం దీర్ఘంగా కూర్చోవడం నాకు నచ్చిన పద్ధతి. వేకువనే భద్రకాళి చెరువు గట్టుకు వెళ్తాను, అయితే నడకకు వచ్చేవారి ఫోన్లలోని పాటలను కూడా భరించాల్సి ఉంటుందని ముందే చెబుతున్నాను! పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలోని 14వ సూత్రం అభ్యాసం దీర్ఘకాలం, ఎడతెగకుండా, ఆదరంతో సాగితే గట్టిపడుతుందని చెబుతుందే తప్ప రోజుకు ఎన్ని నిమిషాలో లెక్క చెప్పదు. జనగామ తమ్ముడికి నా సూచన ఏమిటంటే, సెలవులకు వేరొక ముడి ముందే వేసుకోవాలి; పళ్లు తోముకోవడం ఏ సెలవులోనూ ఆగదు కదా.

గ్రూప్స్ అభ్యర్థి, హనుమకొండ:
ఫోన్‌లో టైమర్ పెట్టవద్దు. అది మోగినప్పుడు ఆపబోతే నోటిఫికేషన్లు కనిపిస్తాయి, అంతటితో మరో అరగంట పోతుంది. రీడింగ్ రూమ్‌లో ఒక సబ్జెక్టు పుస్తకం మూసి మరొకటి తెరిచే మధ్యలో నేను 50 శ్వాసలు లెక్కపెట్టుకుంటాను.

హాస్టల్ వాసి, హనుమకొండ:
అందరికీ ధన్యవాదాలు. ల్యాబ్ నుంచి వచ్చి స్నానం చేశాక, గదిలోని మిత్రులు మెస్‌కు టీ కోసం వెళ్లే సమయాన్ని నా ముడిగా ఎంచుకున్నాను. ఆ కాసేపే గది నిశ్శబ్దంగా ఉంటుంది, టీ చల్లారితే చల్లారనీ. మరి సెమిస్టర్ పరీక్షల రోజుల్లో కూడా కూర్చోవాలా, లేక ఆ సమయాన్ని చదువుకే ఇవ్వాలా?

వైద్య విద్యార్థిని, వరంగల్:
కూర్చో, అయితే నిడివి తగ్గించుకో. జవాబు పత్రం చేతికి వచ్చి, వివరాలు నింపాక, ప్రశ్నపత్రం అందేదాకా ఉండే ఆ కొద్ది నిమిషాలు కూడా నీవే. అందరూ చుట్టూ చూస్తున్నప్పుడు నువ్వు శ్వాసను చూడవచ్చు. ఇంకొక మాట: కళ్లు మూసుకుంటే భయం, దిగులు పెరుగుతున్నాయని ఎవరికైనా అనిపిస్తే బలవంతంగా కొనసాగించకుండా వైద్యులను కలవాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.