సియాచిన్ గొడవకి గేమ్ థియరీ లెక్క ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న: ఎమ్మే ఎకనామిక్స్ చదువుతున్నా. ప్రిజనర్స్ డైలమా (ఇద్దరూ సహకరిస్తే మేలే అయినా, ఒకర్నొకరు నమ్మలేక ఇద్దరూ నష్టపోయే ఆట) టేబుల్‌లో భారత్, పాకిస్తాన్ సైన్యాలు ఎదురెదురుగా ఉన్న సియాచిన్ హిమానీనదాన్ని పెట్టి చూశా. ఇద్దరూ కిందికి దిగితే ఇద్దరికీ మేలు, ఒకళ్ళే దిగితే దిగినవాళ్ళు మునిగినట్టే, అందుకే ఎవరూ దిగరు. బాగానే ఉంది. కానీ 1984 నుంచీ నడుస్తున్న ఆట కదా, పదే పదే ఆడితే సహకారం పుట్టాలి. ఎందుకు పుట్టలేదు?

జవాబు 1: టేబుల్ సరే, అవతలివాళ్ళ గళ్ళలో అంకెలు నీకెవరు చెప్పారు తమ్ముడూ? గేమ్ థియరీ ఆర్థికవేత్త హార్సాన్యి 1967లో పట్టుకున్న పాయింటే ఇది, ఎదుటివాడు ఏ రకమో తెలియకుండానే ఆడాలి. మనం దిగితే వాళ్ళు ఒప్పుకున్నట్టే ఉంటారా, ఖాళీ అయిన శిఖరం ఎక్కేస్తారా? ఉన్నచోటే ఉంటే 0, ఇద్దరూ దిగితే 4, మనం దిగాక వాళ్ళెక్కితే -20 అనుకో. మాట మీద నిలబడతారన్న నమ్మకం 83 శాతం (20ని 24తో భాగిస్తే వచ్చేది) దాటితేనే దిగడం లాభం. 1989లో ఇద్దరూ దిగే ఒప్పందం దాదాపు చేతికొచ్చింది. పదేళ్ళకి కార్గిల్, చలికాలమని మనవాళ్ళు దిగొచ్చిన పోస్టుల్లోకే పాక్ వాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఆ తర్వాత 83 ఎవరిస్తారు?

జవాబు 2: అందుకే మనవాళ్ళు ముందు ఎవరెక్కడున్నారో మ్యాప్ మీద గుర్తించి సంతకం పెట్టమంటారు. పెడితే 1984లో మనం ఎక్కింది ఒప్పుకున్నట్టవుతుందని వాళ్ళు పెట్టరు. సంతకం ఎవర్నీ ఆపదనుకోండి, కానీ తర్వాత ఎక్కితే దొంగతనం అందరికీ కనిపిస్తుంది. పైగా సియాచిన్ పక్కనున్న సాల్తోరో పర్వతశ్రేణి ఎత్తులు మన చేతిలో ఉన్నాయి, దిగితే మనకే ఎక్కువ నష్టం. 1987లో సుమారు 21 వేల అడుగుల ఎత్తున పాక్ చేతిలోని ఒక్క పోస్టు పట్టడానికే మన సైనికుడు బాణా సింగ్ బృందం మంచుగోడ ఎక్కాల్సొచ్చింది.

జవాబు 3: సహకారం పుట్టలేదని ఎవరన్నారు? 2003 నవంబర్ కాల్పుల విరమణ తర్వాత అక్కడ ప్రాణాలు తీస్తున్నది మంచే. 2012లో సియాచిన్ దగ్గరి పాక్ శిబిరం గయారీలో మంచు విరిగిపడి వాళ్ళవాళ్ళు 140 మంది, 2016 ఫిబ్రవరిలో మనవాళ్ళు 10 మంది, అందులో మన కర్నూలు జిల్లా జవాను ఒకరు. కాల్చకుండా ఉండటానికి నమ్మకం అక్కర్లేదు, వాళ్ళు కాలిస్తే ఆ నిమిషమే తెలుస్తుంది. దిగడం అలా కాదు. నీ టేబుల్లో ఈ రెండూ ఒకే గడిలో ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు: ఇది నాకు తట్టలేదు, థాంక్స్. ఇంతకీ అన్నా, ఆ -20 ఎక్కడిది?

జవాబు 1: గాల్లోది. -10 వేసుకున్నా 71 దాటాలి, చూసుకో.