కొత్తగా వచ్చాను: వేపుళ్లు, చీజ్ పాస్తా, కేకులు నూనె తగ్గించి చేసుకునేదెలా?

ప్రశ్న (కొత్తగా వచ్చిన విద్యార్థి):
అక్కలకూ అన్నలకూ నమస్కారం. అద్దె వంటింట్లో ఓవెన్, నాలుగు పొయ్యిల స్టవ్, ఒక నాన్‌స్టిక్ పెనం ఉన్నాయి. చలికి రోజూ వేపుడో, చిక్కటి సూపో, కేకో తినాలనిపిస్తోంది. నూనె, చక్కెర తగ్గించి చేసి చూస్తే బంగాళాదుంపలు తోలులా సాగాయి, పెరుగు వేసిన సూపు విరిగింది, కేకు రబ్బరులా వచ్చింది. ఎక్కడ తప్పుతున్నాను? ఎయిర్ ఫ్రయర్ కొనాల్సిందేనా?

జవాబు 1:
తమ్ముడూ, మూడింటి వెనకా ఉమ్మడి కారణం ఒకటుంది. నూనె తీసేశావు గానీ, ఆ వంటలో నూనె చేస్తున్న పనిని ఇంకెవరికీ అప్పజెప్పలేదు. వేపుడులో దాని పని కరకర, సూపులో చిక్కదనం, కేకులో మెత్తదనం. ఏ వంటలో ఏ పని పోయిందో చూసుకుని దానికి బదులు వెతుక్కోవాలి.

దుంపల సంగతి వివరంగా చెప్తాను. కిలో దుంపలు చెక్కు తీసి నాలుగు సెంటీమీటర్ల ముక్కలు కొయ్యి. రెండు లీటర్ల నీళ్లు మరిగించి అందులో ఒక టేబుల్‌స్పూను ఉప్పు, అర టీస్పూను వంటసోడా వేసి ముక్కల్ని పది నిమిషాలు ఉడికించు. కత్తి మొన సులువుగా దిగాలి, ముక్క మాత్రం విడిపోకూడదు. నీళ్లు వంచేసి, అదే వేడి గిన్నెలో మూత లేకుండా రెండు నిమిషాలు వదిలేస్తే ఆవిరి పోతుంది. అప్పుడు రెండు టేబుల్‌స్పూన్ల నూనె, ఉప్పు, కారం వేసి, మూత పెట్టి గిన్నెని గట్టిగా కుదుపు. అంచులు అరిగి, ముక్కల చుట్టూ పలచటి ముద్దలా పిండి పట్టుకోవాలి. అలా కనిపించే దాకా కుదుపుతూనే ఉండు, ఆ పిండే తర్వాత కరకరలాడేది. సోడా ఎందుకంటే, క్షారంలో దుంప కణాల్ని అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థం తొందరగా కరిగి పైపొర గరుకవుతుంది. ఎక్కువ పడితే సబ్బు రుచి వస్తుంది, కాబట్టి చెంచాతో కొలిచే వెయ్యి.

ఓవెన్ 220 డిగ్రీల సెల్సియస్. డయల్ మీద ఫారెన్‌హీట్ ఉంటే 425. ట్రేలో ముక్కకీ ముక్కకీ మధ్య వేలు పట్టేంత సందు ఉండాలి. ఒకదాన్నొకటి ఆనుకుంటే వాటి ఆవిరికి అవే ఉడుకుతాయి, నీకు తోలులా రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. మొదటి 25 నిమిషాలు ముట్టుకోకు. ముందే కదిపితే పొర ట్రేకి అంటుకుని ముక్క బోడిగా లేచి వస్తుంది. తర్వాత తిప్పి ఇంకో 20 నిమిషాలు. నలుగురికి సరిపోయే వంటలో పడ్డ నూనె రెండు టేబుల్‌స్పూన్లు, అంటే సుమారు 240 క్యాలరీలు.

జవాబు 2:
ఇంత హంగామా ఎందుకు, ఒక్క మనిషికి ఎయిర్ ఫ్రయర్ చాలు. అది బల్ల మీద పెట్టుకునే చిన్న ఫ్యాన్ ఓవెన్, అంతకుమించి మాయేమీ లేదు. చిన్న పెట్టె కాబట్టి తొందరగా వేడెక్కుతుంది, గాలి ముక్కకు దగ్గరగా తిరుగుతుంది. పావుకిలో దుంప ముక్కల్ని చన్నీళ్లలో అరగంట నానబెట్టి, గుడ్డతో పొడిగా తుడిచి, ఒక టీస్పూను నూనె పట్టించి 190 డిగ్రీల దగ్గర 18 నిమిషాలు పెట్టు. మధ్యలో రెండుసార్లు బుట్ట కుదుపు. తడి తుడవకపోతే ఎంతసేపు పెట్టినా కరకర రాదు.

డబ్బాల్లో వచ్చే నూనె స్ప్రే మాత్రం నాన్‌స్టిక్ మీద కొట్టొద్దు. అందులోని లెసిథిన్ అనే పదార్థం వేడికి జిగురులా గట్టిపడి పెనానికి పట్టుకుంటుంది, గీకితే పూత లేస్తుంది. అద్దింటి పెనమైతే ఆ లెక్క ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో తేలుతుంది. మామూలు నూనెని బ్రష్‌తో రాసుకుంటే సరిపోతుంది.

జవాబు 1:
ఒక్కడికైతే సరే, ఒప్పుకుంటాను. కానీ నలుగురు కలిసి ఉండే ఇంట్లో ఆ బుట్టలో కిలో దుంపలు కుక్కితే అడుగునవి ఉడుకుతాయి, పైవి మాడతాయి. మూడు వాయిలు వేసేసరికి మొదటి వాయి చల్లారిపోతుంది. ఓవెన్ ఎలాగూ ఇంట్లో ఉంది కదా, ముందు దాన్ని వాడమనండి.

జవాబు 3:
ఓవెన్ 220 పెట్టమన్నారు గానీ, ముందు ఓవెన్ లోపల ఏముందో చూసుకోమని ఒక్కరూ చెప్పలేదు. పాత అద్దెదారుల జిడ్డు అడుగునా గోడల మీదా గట్టిపడి ఉంటుంది. 180 దగ్గర కిక్కురుమనదు, 220కి వెళ్లగానే పొగ లేస్తుంది, అలారం మోగుతుంది. కొన్ని భవనాల్లో ఒక గదిలో మోగితే మొత్తం భవనానికి వినబడి ఫైరింజన్ కూడా వస్తుంది. అప్పుడు చాలామంది చేసే తప్పు అలారం బ్యాటరీ పీకేయడం, లేదంటే దానికి ప్లాస్టిక్ కవరు కట్టడం. తర్వాత ఓనరు తనిఖీకి వచ్చినప్పుడు చూసేది పొగని కాదు, ఆ కవరుని. జరిమానా, హెచ్చరిక లేఖ, డిపాజిట్‌లో కోత వరుసగా రావచ్చు, వాదించడానికి నీ దగ్గర ఏమీ ఉండదు. నిజంగా మంటలొస్తే ప్రాణానికే ముప్పు. అలారం జోలికి పోకు. ఓవెన్ ఆపి, కిటికీ తీసి తువ్వాలుతో పొగని బయటికి విసురు.

ఇంట్లో దిగిన వారంలోనే శుభ్రం చేసుకో. అరకప్పు వంటసోడాలో మూడు టేబుల్‌స్పూన్ల నీళ్లు కలిపి ముద్ద చేసి, చల్లటి ఓవెన్ లోపల పట్టించి రాత్రంతా వదిలెయ్యి. హీటింగ్ కడ్డీల మీదా, గ్యాస్ వచ్చే రంధ్రాల మీదా పడనివ్వకు. పొద్దున తడిగుడ్డతో తుడిచి, మిగిలిన తెల్లటి పొడి మీద కాస్త వెనిగర్ చల్లితే నురగ వచ్చి ఊడుతుంది. శుభ్రం చేయకముందు ఎలా ఉందో ఫోటో తీసి పెట్టుకో.

ఇంకొకటి. వ్యాక్స్ పేపరూ బేకింగ్ పేపరూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. వ్యాక్స్ పేపరు ఓవెన్లో పెడితే మైనం కరిగి పొగొస్తుంది. చుట్ట మీద ఎన్ని డిగ్రీల దాకా వాడొచ్చో రాసి ఉంటేనే వాడు.

జవాబు 4:
అబ్బాయి అడిగినవాటిలో సూపు మిగిలిపోయింది. క్రీములో మూడో వంతుకు పైగా కొవ్వే ఉంటుంది. 100 మిల్లీలీటర్లకు దాదాపు 340 క్యాలరీలు, వెన్న తీయని పాలలో 60 చిల్లర. పాలతోనే చిక్కదనం తెచ్చుకోవచ్చు. 250 మి.లీ. పాలకు ఒక టేబుల్‌స్పూను కార్న్‌ఫ్లోర్ చాలు. దాన్ని నాలుగు చెంచాల చల్లటి పాలలో ముందుగా కలిపి, ఆ తర్వాతే సూపులో పొయ్యాలి. పొడిని నేరుగా వేడి సూపులో వేస్తే పైన ఉడికి, లోపల పచ్చిగా ఉండలు కడుతుంది. పోశాక కలుపుతూ ఒక్క నిమిషం ఉడకనిస్తే చిక్కబడుతుంది.

కొనేటప్పుడు పేరు చూసుకో. మనం కార్న్‌ఫ్లోర్ అనే తెల్లటి పొడిని కొన్ని దేశాల్లో కార్న్‌స్టార్చ్ అంటారు. అక్కడ కార్న్‌ఫ్లోర్ అని అడిగితే మొక్కజొన్న పిండి చేతిలో పెడతారు, దాంతో సూపు చిక్కబడకుండా గరగరలాడుతుంది. పాల డబ్బాలతో కూడా ఇదే చిక్కు. ఎవాపొరేటెడ్ అంటే నీళ్లు తగ్గించిన పాలు, చక్కెర ఉండదు, మరిగినా అంత తేలిగ్గా విరగవు. పక్కనే ఉండే కండెన్స్‌డ్ డబ్బాలో సగం దాకా చక్కెరే. రెండూ ఒకే సైజు డబ్బాలు, తొందరలో ఒకటి బదులు ఇంకొకటి తెచ్చేసుకుంటారు.

చీజ్ పాస్తాకి కాలీఫ్లవర్ మంచి ఉపాయం. పావుకిలో పువ్వుల్ని పావుగంట ఉడికించి, 200 మి.లీ. పాలతో మిక్సీలో మెత్తగా తిప్పు. బాగా ఉడకకపోతే రవ్వరవ్వగా తగులుతుంది. అందులో బాగా మాగిన చెడ్డార్ 80 గ్రాములు, అర టీస్పూను ఆవపిండి కలిపితే రెండు వందల గ్రాముల పాస్తాకి సరిపోతుంది. కొవ్వు తగ్గించిన చీజ్ జోలికి వెళ్లకు, సరిగా కరగక రబ్బరులా సాగుతుంది. ఘాటైన చీజ్ తక్కువ వేసుకోవడమే మేలు. స్టవ్ ఆపాకే చీజ్ వెయ్యి. మరిగే దాంట్లో వేస్తే ప్రోటీన్ బిగుసుకుని కొవ్వు విడిపోతుంది, సాస్ ఇసకలా అవుతుంది.

జవాబు 5:
పెరుగు సంగతి ఎవరూ చెప్పలేదు. కప్పు పెరుగులో టీస్పూను కార్న్‌ఫ్లోర్ చల్లగా ఉన్నప్పుడే గిలకొట్టాలి. వేడి సూపుని గరిటెడు చొప్పున మూడుసార్లు పెరుగులో పోసి కలిపి, అప్పుడు దాన్ని గిన్నెలో పొయ్యాలి. సన్న సెగ మీద ఒకే దిక్కున తిప్పాలి, దిక్కు మారిందా, విరిగిపోతుంది.

జవాబు 4:
దిక్కుతో పనిలేదండీ. ఎటు తిప్పినా ఆగకుండా తిప్పడం, తెర్లనివ్వకపోవడం ముఖ్యం. పెరుగు విరిగేది పులుపూ వేడీ కలిసి ప్రోటీన్‌ని ముద్దకట్టించడం వల్ల. కొవ్వు లేని పెరుగు ఇంకా తొందరగా విరుగుతుంది, అందుకే సూపులోకి మామూలు పెరుగే రెండు చెంచాలు తగ్గించి వేసుకోమంటాను.

జవాబు 5:
సరే, దిక్కు మాట వదిలేద్దాం. కార్న్‌ఫ్లోర్ మాత్రం మానొద్దు.

గ్రేవీకి ఉల్లిపాయలు ఎర్రబడాలంటే పావు లీటరు నూనె అక్కర్లేదు. రెండు ఉల్లిపాయలకు రెండు టీస్పూన్ల నూనె, చిటికెడు ఉప్పు, మధ్యస్థం సెగ. అడుగున గోధుమరంగు పొర కనిపించగానే రెండు చెంచాల నీళ్లు చల్లి, చెక్క గరిటెతో ఆ పొరని గోకి ఉల్లిపాయల్లోకే కలిపెయ్యి. సుర్రుమని ఆవిరొస్తుంది, రంగు ఉల్లిపాయకి ఎక్కుతుంది. మళ్లీ ఎండనివ్వు, మళ్లీ చల్లు. ఐదారుసార్లు చేసేసరికి పావుగంట పైనే పడుతుంది. ఒకేసారి గ్లాసెడు నీళ్లు పోస్తే ఉడికిన ఉల్లిపాయ వస్తుంది, రంగు రాదు.

జవాబు 6:
కేకు రబ్బరులా వచ్చిందంటే నూనె మొత్తం తీసేసి ఆపిల్ గుజ్జో అరటిపండు గుజ్జో వేసి ఉంటావు, పైగా బాగా గిలకొట్టి ఉంటావు. నూనె మైదా కణాలకు పూతలా పట్టుకుని మైదాలోని సాగే ప్రోటీన్, అంటే గ్లూటెన్, బిగవకుండా ఆపుతుంది. ఆ పూత లేకుండా గిలకొడితే సాగుతుంది. సగం మాత్రమే మార్చు. రెసిపీలో 120 మి.లీ. నూనె ఉంటే 60 మి.లీ. నూనె, 60 గ్రాముల తీపి కలపని ఆపిల్ గుజ్జు. పొడిపిండి కలిపాక గరిటెతో పది పన్నెండు మడతలు చాలు, అక్కడక్కడా పిండి చారలు కనిపించినా పరవాలేదు.

చక్కెరని నాలుగో వంతు తగ్గించు: 200 గ్రాములుంటే 150. అంతకన్నా దిగితే కేకు ఎండిపోతుంది, ఎందుకంటే చక్కెర తీపి ఒక్కటే ఇవ్వదు, తడిని కూడా పట్టి ఉంచుతుంది. తగ్గించినప్పుడు రంగు కూడా తక్కువే వస్తుంది, కాబట్టి రంగు చూసి ఆగకు. చెప్పిన టైముకి ఐదు నిమిషాల ముందే పుల్ల గుచ్చి చూడు, ఒకటి రెండు తడి తునకలు అంటుకుంటే దించెయ్యి. చిటికెడు ఉప్పు, వెనిలా, నిమ్మతొక్క తురుము ఉంటే తగ్గిన తీపి అంతగా తెలియదు.

చాక్లెట్ కేకుకి బార్ బదులు కోకో పొడి వాడు. 40 గ్రాముల పొడి మీద 120 మి.లీ. మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు వదిలితే వాసన గుప్పుమంటుంది. ఆ నీళ్లని రెసిపీలోని పాలలోంచి తగ్గించుకోవడం మరిచిపోకు.

జవాబు 2:
చక్కెర బదులు ఎరిథ్రిటాల్ లాంటివి దొరుకుతాయి కదా?

జవాబు 6:
దొరుకుతాయి, కానీ ఎరిథ్రిటాల్‌తో కేకు ఎర్రబడదు, నోట్లో చల్లగా తగులుతుంది, చల్లారాక పలుకులు కడుతుంది. ఇలాంటివి ఎక్కువ తింటే కొందరికి కడుపు పాడవుతుంది. జైలిటాల్ అనే ఇలాంటి ఇంకో తీపి పొడి వాడే ఇంట్లో కుక్క ఉంటే జాగ్రత్త, కుక్కలకు అది విషం. నన్నడిగితే అసలు చక్కెరే తక్కువ వేసి చిన్న ముక్క తినమంటాను. మిగిలినవి ముక్కలుగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టుకో.

ప్రశ్న వేసిన విద్యార్థి:
అందరికీ చాలా థ్యాంక్స్. రేపు దుంపలతో మొదలుపెడతాను. మా ఓవెన్ డయల్ మీద ఫ్యాన్ బొమ్మ ఒకటి, పైనా కిందా గీతల బొమ్మ ఇంకొకటి ఉన్నాయి. 220 దేనికి?

జవాబు 1:
నేను చెప్పిన 220 పైనా కిందా గీతల గుర్తుకి. ఫ్యాన్ గుర్తు పెడితే 20 డిగ్రీలు తగ్గించి 200 పెట్టు, 35వ నిమిషం నుంచే చూస్తూ ఉండు. పైన వంకర గీత ఒక్కటే ఉంటే అది గ్రిల్, దాని మీద పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. టేబుల్‌స్పూను అంటే 15 మి.లీ. అనుకుని చెప్పాను. కొన్ని దేశాల్లో 20 మి.లీ. చెంచాలు అమ్ముతారు, నీ దానిమీద ఎంతని రాసుందో చూసుకో.