క్యాజువాలిటీకి కొత్త సిస్టర్లు: ముందు ఏం నేర్పాలి?

కావలి_ఇన్‌ఛార్జ్
మాది హైవే పక్కన చిన్న నర్సింగ్ హోమ్. వచ్చే నెల నుంచి జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తయిన ముగ్గురు అమ్మాయిల్ని క్యాజువాలిటీలో వేస్తున్నారు. వార్డులో బాగానే చేస్తారు గానీ యాక్సిడెంట్ కేసు లోపలికి రాగానే బిగుసుకుపోతారు. ముందు ఏం నేర్పాలి? బీఎల్ఎస్ (ప్రాణం నిలిపే ప్రాథమిక చికిత్స) ట్రైనింగ్‌కి పంపమని మీ మేనేజ్‌మెంట్‌ని ఎట్టా ఒప్పించారు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? కొత్తవాళ్ళని నైట్‌లో ఒక్కళ్ళనే వేయొచ్చా?

పెన్నా_ఒడ్డు
ఖర్చు ఎవరు పెడతారండీ, మా జీతంలోనే కోశారు. పైగా కోర్సుకు పంపామని రెండేళ్ళు మానకూడదంటూ బాండ్ రాయించుకున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో. బీఎల్ఎస్ కార్డు చెల్లేదే రెండేళ్ళు! బాండ్ తీరేసరికి కార్డు కూడా తీరిపోయింది. ఇంకో చోట చేరితే "కార్డు రెన్యూ చేయించుకుని రండి" అన్నారు.

ఒంగోలు_గిత్త
కార్డుల గోల తర్వాత. ముందు క్రాష్ కార్ట్, అదే ఎమర్జెన్సీ మందులు, సామాన్లు ఉండే బండి, చూపించండి. ఏ సొరుగులో ఏముందో చీకట్లో కూడా చెయ్యి పెట్టి తీయగలగాలి. నేను డ్యూటీ మారే టైమ్‌లో ఉన్నట్టుండి "ఆంబు బ్యాగ్, పిల్లల మాస్క్" అంటాను. (ఆంబు అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి.) వెతుక్కుంటే ఆ రోజు టీ ఖర్చు వాళ్ళదే. గొంతులోకి చూసే లారింగోస్కోప్ లైటు వెలుగుతోందో లేదో రోజూ చూడాలి, పేషెంట్ వచ్చాక బ్యాటరీలు వెతికితే లాభం లేదు. యాక్సిడెంట్ కేసుకి సెలైన్ ఎక్కించడానికి సన్నటి పింక్ కాన్యులా పెట్టి చేతులు దులుపుకోకూడదు. దానికంటే లావైన గ్రీన్ పెట్టాలి, నరం దొరికితే ఇంకా లావైన గ్రే, అదీ రెండు చేతులకీ. పాముకాటు వస్తే ప్లాస్టిక్ ట్యూబ్‌లో రక్తం తీసి ఇరవై నిమిషాలు పెట్టి గడ్డకట్టిందా లేదా అని చూడటం. అంతే, బ్రహ్మవిద్య కాదు.

ల్యాబ్_మామ
మిగతావన్నీ సరే. ప్లాస్టిక్ ట్యూబా??

ఒంగోలు_గిత్త
అవును, రెడ్ క్యాప్. ఏం?

ల్యాబ్_మామ
ఆ పరీక్షకి గాజు ట్యూబే కావాలి. కొత్తది, శుభ్రమైనది, తడి లేనిది. రక్తం గాజుకి తగిలితే గడ్డకట్టే ప్రక్రియ మొదలవుతుంది. ప్లాస్టిక్‌లో అది సరిగా జరగదు. అప్పుడు విషం ఎక్కని మనిషి రక్తం కూడా నీళ్ళలాగే కనిపిస్తుంది, మీరు అవసరం లేకుండా యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు) ఎక్కిస్తారు. సబ్బుతో కడిగిన పాత గాజు ట్యూబ్‌దీ అదే తంటా. రెండు ఎమ్ఎల్ తీసి కదపకుండా పెట్టండి. మధ్యలో ఊపి చూడొద్దు.

ఒంగోలు_గిత్త
సార్, మీరు ల్యాబ్‌లో కూర్చుని చెప్తారు. ఇక్కడ అర్ధరాత్రి రక్తపింజర కరిచినవాడు వస్తే వెంట ఊరంతా వస్తుంది. గాజు ట్యూబ్ ఎక్కడినుంచి తేవాలి? మా రెడ్ క్యాప్‌లో క్లాట్ యాక్టివేటర్ ఉంటుంది, చక్కగా గడ్డకడుతుంది.

ల్యాబ్_మామ
గడ్డకట్టడానికి మందు వేసిన ట్యూబ్‌లో పోసి, గడ్డకట్టిందని సంబరపడితే అది ఏం పరీక్ష? నిజంగా విషం ఎక్కినవాణ్ణి బాగున్నాడనుకుని పంపించేస్తారు. అది ఇంకా ప్రమాదం.

మార్కాపురం_పలక
మీరింకా నయం. మా పక్క హాస్పిటల్లో కొత్తగా చేరిన అమ్మాయి పర్పుల్ క్యాప్‌లో పోసి పెట్టింది. అందులో రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఇ.డి.టి.ఎ. కదా, ఇరవై నిమిషాలు కాదు, తెల్లారినా గడ్డకట్టదు. డాక్టర్ గారికి ఫోన్, బంధువుల ఏడుపులు, యాంటీవీనమ్ వయల్స్ కోసం పరుగులు! టెక్నీషియన్ వచ్చి ట్యూబ్ మూత చూసి తల పట్టుకున్నాడు. ఆ పిల్లని ఏమీ అనలేం, ఎవరైనా చెప్తేగా తెలిసేది.

ఒంగోలు_గిత్త
నన్ను, పర్పుల్ క్యాప్ బ్యాచ్‌ని ఒకే గాటన కట్టొద్దు. చెయ్యి తిరిగినవాళ్ళం ఇక్కడ.

రిటైర్డ్_హెడ్‌నర్స్
108 బండ్లు 2005లో వచ్చాయి. అంతకుముందు నుంచీ నేను క్యాజువాలిటీలో ఉన్నాను. ట్రాక్టర్లలో, మంచాల మీద తెచ్చేవాళ్ళు. మీరిద్దరూ ట్యూబ్ దగ్గరే కొట్టుకుంటున్నారు. కట్లపాము కరిస్తే ఏ ట్యూబ్‌లో పోసినా రక్తం మామూలుగానే గడ్డకడుతుంది! కాటు దగ్గర వాపు ఉండదు, ఒక్కోసారి గాటు కూడా కనపడదు. రాత్రి నేల మీద పడుకున్నవాడు కడుపునొప్పి అంటూ వస్తాడు, గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి పంపేస్తారు. కనురెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దగా వస్తోందా, మింగగలుగుతున్నాడా అని చూడమ్మా. యాంటీవీనమ్ మొదలుపెట్టే ముందే అడ్రినలిన్ అర ఎమ్ఎల్ సిరంజిలోకి ఎక్కించి పక్కన ఉంచుకోవాలి. రియాక్షన్ వస్తే తొడ కండకి. చిన్నపిల్లలకి యాంటీవీనమ్ డోసు తగ్గించకూడదు, పిల్లవాడని పాము విషం తగ్గించి వేయలేదు కదా. మా రోజుల్లో ఇవన్నీ కొత్తవాళ్ళకి నోటికి వచ్చేదాకా వదిలేవాళ్ళం కాదు.

నైట్‌డ్యూటీ_చిట్టి
మీ రోజుల్లో నేర్పేవాళ్ళు అమ్మా, కాదనను. పేషెంట్ల ముందే తిట్టేవాళ్ళు కూడా. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు మా ఇన్‌ఛార్జ్ నోటికి భయపడి డౌట్ అడగడమే మానేశాం. డౌట్ అడగని నర్సు కంటే ప్రమాదం ఇంకేముంది?

రిటైర్డ్_హెడ్‌నర్స్
తిట్టించుకున్నవాళ్ళే ఈరోజు ఇన్‌ఛార్జులు అయ్యారు.

నైట్‌డ్యూటీ_చిట్టి
మానేసి వెళ్ళిపోయినవాళ్ళ లెక్క మీ దగ్గర లేదుగా.

బండి_ఇ.ఎమ్.టి.
నేను అంబులెన్స్‌లో చేస్తాను, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నర్సులకి ఏం నేర్పాలి అన్నారు కాబట్టి చెప్తున్నా, హ్యాండోవర్ తీసుకోవడం, అంటే పేషెంట్‌ని అప్పగిస్తూ మేం చెప్పేది వినడం, నేర్పండి. సింగరాయకొండ దగ్గర లారీ గుద్దినవాణ్ణి తెచ్చి, బీపీ ఇంత, స్పృహ తప్పింది ఎప్పుడు అని చెప్తుంటే ఎవరూ తలెత్తరు. ఐదు నిమిషాల తర్వాత అదే విషయం బంధువుల్ని అడుగుతారు. పైగా మా స్ట్రెచర్ వదలరు. అది లేకుండా ఇంకో కేసుకి ఎట్టా పోవాలి? చీమకుర్తి క్వారీలో వేలు తెగినవాడు వస్తే, ఆ వేలిని ఎవరో నేరుగా ఐస్‌లో వేసి ఇచ్చారు. తడి గాజ్‌లో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని ఐస్‌లో పెట్టాలని లోపల ఉన్నవాళ్ళకే తెలియకపోతే క్వారీ కూలీకి ఏం తెలుస్తుంది?

మార్కాపురం_పలక
స్ట్రెచర్ వదలకపోవడం కాదు బ్రదర్, మా దగ్గర ఉన్నవే రెండు, ఒకదానికి చక్రం లేదు.

మా వైపు పురుగుల మందు కేసులే ఎక్కువ. అక్కడ కొత్తవాళ్ళు తప్పకుండా తడబడే చోటు ఒకటుంది. విరుగుడుగా అట్రోపిన్ ఇస్తూ కనుపాపలే చూస్తుంటారు. చూడాల్సింది ముందు ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గిందా, చంక పొడిబారిందా, పల్స్ 80 దాటిందా అని. ఇంకోటి, ఆ బట్టలు తీసేసి ఒళ్ళు కడగాలి. గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటే మనకీ ఎక్కుతుంది.

కావలి_ఇన్‌ఛార్జ్
అందరికీ థాంక్స్, పాముల గురించి చాలా తెలుసుకున్నాను 🙂 నైట్ సంగతి ఎవరైనా చెప్తారా?

నైట్‌డ్యూటీ_చిట్టి
వేయొద్దు. సీపీఆర్ చేయాలంటే ఒకరు ఛాతీ నొక్కాలి, ఒకరు ఆంబు పట్టుకోవాలి, మందులు ఎక్కించడానికి మూడో మనిషి కావాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతు నొక్కితే రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి, మనిషి మారాలి. మీ నర్సింగ్ హోమ్‌లో వాచ్‌మన్‌కి, ఆయమ్మకి కూడా నొక్కడం నేర్పండి. మెత్తటి పరుపు మీద ఎంత నొక్కినా పరుపే దిగుతుంది, వీపు కింద బోర్డు పెట్టాలి. అమ్మాయిలు పొట్టిగా ఉంటే మంచం పక్కన చిన్న స్టూల్ కూడా ఉంచండి.

పెన్నా_ఒడ్డు
ముగ్గుర్ని వేయమంటే మేనేజ్‌మెంట్ వింటుందా అసలు?

గూడూరు_బ్రదర్
బీఎల్ఎస్ కాకుండా పెద్ద కోర్సులు ఏమైనా ఉన్నాయా? నేను జీఎన్ఎం. నర్స్ ప్రాక్టీషనర్ అంటున్నారు, అది మనకి వస్తుందా?

రిటైర్డ్_హెడ్‌నర్స్
అది బీఎస్సీ వాళ్ళకి నాయనా, రెండేళ్ళు, క్రిటికల్ కేర్‌లో. నీకైతే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్‌దే పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది, ఎమర్జెన్సీ అండ్ డిజాస్టర్ నర్సింగ్, ఒక ఏడాది. చేరాలంటే ముందు అనుభవం ఉండాలి.

గూడూరు_బ్రదర్
అనుభవం లెటర్ ఇమ్మంటే పాత హాస్పిటల్ వాళ్ళు మూడు నెలలు ముందే నోటీస్ ఇవ్వలేదని ఆపేశారమ్మా.

పెన్నా_ఒడ్డు
చెప్పలా నేను! అడిగినట్టు కాయితం మీద రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపు బ్రదర్, రసీదు దాచుకో. ఫోన్లో అడిగితే ఎప్పటికీ ఇవ్వరు.